ఆర్డర్ల పుస్తకంలో దొరికిన నొప్పి

నా ఆర్డర్ల పుస్తకం రెండు వందల పేజీల పొడవాటి లెక్కల పుస్తకం. ఎడమ వైపు పేరు, కొలతలు. కుడి వైపు ఇస్తానన్న తేదీ. మాట తప్పితే ఆ తేదీ మీద గీత కొట్టి పక్కన కొత్త తేదీ రాస్తాను. తెనాలిలో ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను, ఆ గీత కొట్టాల్సి రావడం నాకు నామోషీ. 2024 శ్రావణంలో ఆ పుస్తకం నిండా గీతలే.

ఆ ఏడు వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న వచ్చింది. శ్రావణం మొదలైన రెండో రోజే నేను మిషను మీద నుంచి లేచి కింద చాప వేసుకుని పడుకున్నాను. వారం తిరిగేసరికి ఒకావిడ బల్ల మీద చెయ్యి చరిచి, "పోయిన నెలా ఇంతే చేశావు, అంతకు ముందు నెలా ఇంతే. కుట్టలేకపోతే గుడ్డ తీసుకోకు" అని జాకెట్టు గుడ్డ వెనక్కి పట్టుకుపోయింది. ఆవిడ అన్నది అబద్ధమని నాకు నేను నిరూపించుకోవడానికి ఆ రాత్రి పుస్తకం వెనక్కి తిప్పాను. జూన్ 11 దగ్గర నాలుగు గీతలు. జులై 9 దగ్గర ఐదు. ఆగస్టు 6 దగ్గర పేజీ మొత్తం. మధ్య పేజీలు శుభ్రంగా ఉన్నాయి. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టాను. ఇరవై ఎనిమిది రోజులు. మళ్లీ ఇరవై ఎనిమిది.

ఆ లెక్క ఆడదానికి ఎవరూ నేర్పక్కరలేదు. అయితే నాకు గర్భసంచి తీసేసి అప్పటికి ఆరున్నరేళ్లు.

ఇక్కడ ఇంతవరకూ కటోరీ కటింగు, బోటు మెడ, లైనింగు ముడతలు పడకుండా కుట్టడం, ఇవే రాశాను. ఈసారి అవి లేవు. దుకాణంలో తెర వెనక గుసగుసగా మాట్లాడుకునేది రాస్తున్నాను.

2018 జనవరిలో, నా ముప్పై ఆరో ఏట, పెద్దాపరేషన్ అయింది. ఫైబ్రాయిడ్లు. నెలకు పది పన్నెండు రోజులు రక్తం పోయేది, హిమోగ్లోబిన్ ఏడుకు దిగింది, మెట్లు ఎక్కితే కళ్లు తిరిగేవి. ఆ బాధ నిజం. ఆపరేషన్ అక్కరలేదని ఇప్పుడు కూడా అనను. అది ఎలా నిర్ణయమైందో గుర్తుకొస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ఆ నర్సింగ్ హోములో డాక్టరు నా స్కానింగ్ కాగితం చూస్తూ మా ఆయనతో మాట్లాడారు. "ఇద్దరు పిల్లలు ఉన్నారు కదా, ఇంక ఆ సంచితో పనేముంది? ఉంచుకుంటే రేపు క్యాన్సర్ అంటారు." అంతే. మందులతో కొన్నాళ్లు చూడవచ్చని, లోపల పెట్టే హార్మోన్ లూపు ఒకటి ఉందని, కొందరికి గడ్డలు మాత్రమే తీస్తారని నాకు తెలిసింది ఆరేళ్ల తరువాత. అవేవీ నాకు పనికొచ్చేవో కావో నాకు తెలియదు. అడిగే అవకాశమే రాలేదు. చంకలో పట్టేస్తోందని ఎవరైనా జాకెట్టు తెస్తే ముందు కుట్టు విప్పి చూస్తాం, చెయ్యి మొత్తం కత్తిరించేయం.

ఐదో రోజు ఇంటికి పంపేటప్పుడు నర్సు "అన్నీ తీసేశారమ్మా, ఇంక నీకు ఏ బాధా ఉండదు" అంది. అన్నీ అంటే ఏవేవి అని నేను అడగలేదు.

ఏడాదిన్నర నిజంగానే హాయిగా గడిచింది. రక్తం నిండింది, ముఖం తేరుకుంది. తరువాత కుడి పొత్తికడుపులో, ఆపరేషన్ గీతకు కాస్త పైన, ఎవరో బొటనవేలితో అదిమిపెట్టినట్టు మొదలైంది. రెండో రోజుకు తొడ లోపలి వైపుకు దిగేది. పెడల్ తొక్కడానికి కుడి పాదం ముందుకు వంచితే లోపల ఏదో దారం లాగినట్టు ఉండేది. నాలుగైదు రోజులు ఉండి తగ్గేది. తగ్గిందంటే నేను మరిచిపోయేదాన్ని. అదే చిక్కు. నొప్పి లేని రోజున నొప్పి సంగతి ఆలోచించడానికి ఎవరికి తీరుతుంది?

మా ఆయన మిషనుకు మోటారు బిగించాడు. దాంతో కాలికి పని తగ్గింది, నొప్పికి తగ్గలేదు. వీధి చివర ఆర్ఎంపీ గ్యాసు మాత్రలు ఇచ్చాడు. మా అత్తయ్య వాము, ఉప్పు నమలమంది. తోడికోడలు "సంచే లేనప్పుడు నొప్పెక్కడిది, వదినా?" అని నవ్వింది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోవడం వల్ల, అడిగిన ప్రతిసారీ నేనే తప్పు చేసినట్టు తలవంచుకునేదాన్ని. ఒక డాక్టరమ్మ అయితే కళ్లద్దాలు తీసి, "పనిలో పడు, మనసు మళ్లించుకో" అని చెప్పి పంపింది. రోజుకు పన్నెండు గంటలు మిషను మీద కూర్చునేదాన్ని ఇంకే పనిలో పడాలో నాకు అర్థం కాలేదు.

పుస్తకంలో ఇరవై ఎనిమిది రోజుల లెక్క దొరికాక ఇంక ఊరుకోలేదు. మళ్లీ సెప్టెంబరు 3న వస్తుందని గోడ మీద క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో చుక్క పెట్టాను. 2వ తేదీ సాయంత్రమే వచ్చింది. అంత నొప్పిలోనూ, నిజం చెప్పాలంటే, నాకు కొంచెం సంతోషం కలిగింది. నా లెక్క తప్పలేదు.

ఆ వారమే గుంటూరు వెళ్లాను. లీటరు నీళ్లు తాగి, ఉచ్చ ఆపుకుని, స్కానింగ్ గది బయట చెక్క బల్ల మీద కూర్చోవడం ఎలా ఉంటుందో ఆడవాళ్లకు చెప్పక్కరలేదు. పైనుంచి చూశాక, సరిగా కనిపించడం లేదని, పోసుకుని వస్తే లోపలి నుంచి చూస్తానంది స్కానింగ్ డాక్టరు. మొదట బెదిరాను. సన్నటి గొట్టమే, రెండు నిమిషాలు. ఇబ్బందిగా ఉంది కానీ మంటగా లేదు. ఆవిడ ఒక చోట ఆపి, కొద్దిగా నొక్కి, "ఇదేనా నీ నొప్పి?" అంది. ఐదేళ్లలో ఎవరైనా నా నొప్పి మీద సరిగ్గా వేలు పెట్టడం అదే మొదలు. ఏడుపు వచ్చింది. మానిటర్ మీద నల్లగా గుండ్రటి మచ్చ. కుడి అండాశయంలో నీటి తిత్తి, 4.6 సెంటీమీటర్లు.

సెంటీమీటర్లు నాకు చెప్పకూడదు. బస్సులో కూర్చోగానే బ్యాగులోంచి టేపు తీసి 4.6 దగ్గర గోరు పెట్టి చూసుకున్నాను. జాకెట్టుకు కింద పట్టీ మడిచే వెడల్పు. ఒక మోస్తరు నిమ్మకాయ. ఇంత చిన్నదా అనిపించింది. మళ్లీ లోపల అంత ఖాళీ ఎక్కడ ఉందని భయం వేసింది.

చూపించుకున్న లేడీ డాక్టరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "ఆపరేషన్ కాగితం ఉందా? అండాశయాలు ఉంచారా, తీశారా?" అన్నీ తీశారన్నాను. "అన్నీ తీస్తే ఈ తిత్తి ఎక్కడినుంచి వచ్చిందమ్మా?" అని నెమ్మదిగా అంది. వచ్చేటప్పుడు కాగితం వెతికి తెమ్మంది.

అది బిస్కెట్ల డబ్బాలో దొరికింది. ఇంటి పన్ను రసీదులు, పిల్లల టీకాల కార్డులు, మిషను గ్యారంటీ కార్డు, వాటి అడుగున. మడతల దగ్గర చిరగబోతోంది. నాకు పదో తరగతి ఇంగ్లీషే వచ్చు. మా అమ్మాయి వంటింటి గడప మీద కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. టోటల్ అబ్డామినల్ హిస్టరెక్టమీ. విత్ లెఫ్ట్ సాల్పింగో ఊఫరెక్టమీ. ఫోనులో వెతికి అర్థం చెప్పింది. గర్భసంచి, ఎడమ వైపు అండాశయం, దాని గొట్టం తీశారు. ఆ కింద చేతిరాతతో ఒక ముక్క: రైట్ ఓవరీ కన్సర్వ్‌డ్. కుడిది ఉంచారు. నా ఒంట్లో ఏముందో, ఏది లేదో ఆరేళ్లకు పైగా ఒక డబ్బాలో ఉంది. మిషను గ్యారంటీ ఎప్పుడు అయిపోయిందో మాత్రం నాకు నోటికి వచ్చు.

కాగితం చూశాక డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. గర్భసంచి తీస్తే నెలసరి రక్తం ఆగుతుంది, నెల ఆగదు. అండాశయానికి కబురు వచ్చేది తలలోంచి. కింద సంచి ఉన్నదీ లేనిదీ దానికి తెలియదు. ముట్లుడిగే వయసు వచ్చేదాకా నెలనెలా ఒక అండాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. విడుదలైన అండం ఒంట్లోనే కరిగిపోతుంది. ఒక్కోసారి అండం ఉన్న నీటి బుడగ పగలాల్సిన సమయానికి పగలకుండా పెరుగుతుంది, అదే ఈ తిత్తి. గోడ పలచగా ఉండి, లోపల నీరు తప్ప ఇంకేమీ లేకపోతే, ముట్లు ఉడగని వయసులో ఐదు సెంటీమీటర్ల లోపువి చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతట అవే పోతాయి. నొప్పి ఉంది కాబట్టి మూడు నెలలకు మళ్లీ స్కానింగ్ చేయించమంది. గోడ మందంగా ఉన్నా, లోపల గట్టి పదార్థం కనిపించినా, ముట్లు ఉడిగాక వచ్చినా అది వేరే సంగతి, ఆలస్యం చేయకూడదు అని కూడా చెప్పింది.

ఇంకో మాట గట్టిగా చెప్పింది. తిత్తి బరువుకు అండాశయం మెలి తిరగవచ్చు. దారం పురి పడితే సూదిలోకి దిగనట్టు, అప్పుడు దానికి రక్తం అందదు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, దానితో వాంతులు, లేదా జ్వరం, కళ్లు తిరగడం వస్తే వాము నములుతూ కూర్చోకుండా ఆ రాత్రికి ఆ రాత్రే ఆసుపత్రికి రావాలి. ఫ్రిజ్ మీద ఇది రాసి అంటించాను, మా అత్తయ్యకు కనిపించేలా.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. గుంటూరు వెళ్లేముందే, ఎవరో చెప్పారని, దగ్గర్లో ల్యాబులో సీఏ-125 అనే రక్త పరీక్ష చేయించుకున్నాను, అండాశయ క్యాన్సర్ అనుమానం ఉంటే చేసేది. 35 లోపు ఉండాలి, నాకు 41 వచ్చింది. పక్కన ముద్ద అక్షరాల్లో ఎక్కువ అని. నాలుగు రాత్రులు నిద్ర లేదు. బీరువా తాళాలు ఎక్కడున్నాయో మా అమ్మాయికి చూపించాను కూడా. డాక్టరమ్మ ఆ కాగితం చూసి, ఈ వయసులో ఆ అంకె చాలా చిన్న కారణాలకే పెరుగుతుంది, లోపల ఏ వాపు ఉన్నా పెరుగుతుంది, స్కానింగులో తిత్తి తీరు చూడకుండా అంకె ఒక్కటీ చూసి ఏమీ చెప్పలేం అంది. డిసెంబరులో మళ్లీ చేస్తే 24. ఆ నాలుగు రాత్రులు నాకు ఎవరు తిరిగి ఇస్తారు?

డిసెంబరు స్కానింగులో తిత్తి లేదు. నీళ్లు ఇంకిపోయిన గుంటలా మాయమైంది. అందరూ సంతోషించారు. మా ఆయన పావుకిలో సున్నుండలు తెచ్చాడు. కానీ నా పుస్తకంలో డిసెంబరు చివర మళ్లీ గీతలు పడ్డాయి. తిత్తి పోయింది, నొప్పి పోలేదు.

ఈ ముక్క ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. తిత్తి కనిపించగానే దొంగ దొరికాడనుకుంటాం. నాకు దొంగలు ముగ్గురు. ఆ రెండోసారి స్కానింగ్ డాక్టరు గొట్టంతో అటూ ఇటూ కదిపి చూసి, అండాశయం జారడం లేదు, పక్క గోడకు అంటుకుని ఉంది అని రాసింది. పొట్ట కోసి కుట్టిన చోట లోపల మచ్చ కడుతుంది. ఆ మచ్చ పొరలు పొరలుగా సాగి పక్కనున్నవాటిని పట్టుకుంటుంది. అతుకులు అన్నమాట. నాకు ఇది డాక్టరు కన్నా బాగా తెలుసు. జాకెట్టు చెయ్యి కుడుతున్నప్పుడు చూసుకోకపోతే కింద ఉన్న లైనింగు మడత కూడా కుట్టులో పడిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. చెయ్యి ఎత్తినప్పుడే లాగుతుంది. నా అండాశయం అలా కుట్టులో పడిన లైనింగు. నెలనెలా అండం తయారయ్యేటప్పుడు కొంచెం ఉబ్బుతుంది, ఉబ్బడానికి చోటు లేక లాగుతుంది. దీనికో పేరు కూడా ఉంది, రెసిడ్యువల్ ఓవరీ సిండ్రోమ్. పేరు విన్నాక నొప్పి తగ్గలేదు కానీ తోడికోడలికి చెప్పడానికి జవాబు దొరికింది.

మరి ఆ కుట్టు విప్పేయరాదా అని అడిగాను. విప్పవచ్చు, కానీ విప్పిన చోట మళ్లీ మచ్చ కట్టవచ్చు, అది ఎవరి చేతిలోనూ లేదు అంది. గుడ్డను పదేపదే విప్పి కుడితే పోగులు పోతాయి. ఆ సంగతి నాకు కొత్త కాదు.

మూడో దొంగ కండరం. ఐదేళ్లు నొప్పి వస్తుందేమోనని బిగబట్టుకుని కూర్చోవడం వల్ల పొత్తికడుపు అడుగున, కూర్చునే చోట ఉండే కండరాలు పిడికిలిలా బిగుసుకుపోయాయట. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. నేనేమో యూట్యూబులో చూసి, ఉచ్చ ఆపుకున్నట్టు కండరాలు బిగించే వ్యాయామం రోజుకు వంద చేస్తున్నాను. వదులైనవాళ్లకు మంచిదట అది. బిగుసుకుపోయినవాళ్లకు ఇంకా చేటు. మానిపించింది. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట పైకి లేచేలా ఊపిరి తీసి, వదులుతూ కింద భాగాన్ని కూడా వదిలేయడం నేర్పింది. "వదిలేయండి" అనే మాట ఆ అమ్మాయి ఒక్క రోజులో నాకు యాభై సార్లు చెప్పి ఉంటుంది. బిగించడం ఎంతసేపైనా చేయగలను, వదలడమే మూడు వారాలు పట్టింది.

ఇంకా ఒకటి ఉంది, చెప్పుకోవడానికి చిన్నతనమే. నా దుకాణానికి మరుగుదొడ్డి లేదు. అందుకని ఉదయం ఇంటి దగ్గర తాగిన గ్లాసుడు నీళ్లతో సాయంత్రం దాకా నెట్టుకొచ్చేదాన్ని. బజారులో పనిచేసే ఆడవాళ్లందరం ఇంతే. దాంతో మలబద్ధకం, నెల మార్చి నెల ఉచ్చలో మంట. పేగు గట్టిపడితే పక్కనే ఉన్న అతుకు ఇంకా లాగుతుందని అర్థమయ్యాక, ఎదురుగా ఉన్న స్టేషనరీ దుకాణం వాళ్ల ఇంటి మరుగుదొడ్డికి తాళంచెవి అడిగి తీసుకున్నాను. బదులుగా వాళ్ల అమ్మాయి యూనిఫారాలు ఉచితంగా ఆల్టర్ చేస్తాను. మొత్తం వైద్యంలో నాకు ఎక్కువ మేలు చేసింది ఆ తాళంచెవే అని డాక్టరమ్మతో అంటే నవ్వింది, కానీ కాదనలేదు.

అండం విడుదల కాకుండా ఆపే హార్మోన్ మాత్ర ఆరు నెలలు వాడాను. ఉన్న తిత్తిని అది కరిగించదు, కొత్తది రాకుండా చూస్తుంది. ముందు బీపీ చూసి, తలనొప్పి ఒక పక్కగా వస్తుందా, కాళ్లలో రక్తం గడ్డ కట్టిందా అని అన్నీ అడిగి రాసింది. పేరు ఇక్కడ రాయను. మా వీధిలో ఒకరి మాత్ర ఇంకొకరు మింగడం కళ్లారా చూశాను. ఆ ఆరు నెలలు నొప్పి సగం తగ్గింది, కోపం రెట్టింపయింది. బాబిన్ దారం తెగితే మిషనుతో పోట్లాడేదాన్ని. 2025 జూన్‌లో మాత్ర ఆపాను. ఆగస్టులో మళ్లీ తిత్తి, ఈసారి 3.2. అక్టోబరుకు అదీ పోయింది. అప్పటికి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది, స్కానింగుకు తప్ప దారికి ఖర్చు కాలేదు.

రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. భార్యాభర్తల మధ్య కూడా ఆ నొప్పి వచ్చి పడుకునేది. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు, ఇద్దరం అలసిపోయామని అనుకుంటూ గడిపాం. డాక్టరమ్మ నేరుగా అడిగితే మొదటిసారి నోరు విప్పాను. ఆ రోజు మా ఆయన బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపలికి పిలిపించి, ఆవిడే బొమ్మ చూపించి చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, "నేను నీకు ఇష్టం లేదనుకున్నాను" అన్నాడు. అంతకన్నా ఆ విషయం రాయను.

కుడిది కూడా తీయించేయమని అందరూ అంటారు. పీడ విరగడవుతుందని. మొదట్లో నేనూ అదే అడిగాను. ఎడమది ఎలాగూ లేదు, ఇదీ తీస్తే ఒక్క రోజులో ముట్లుడుగుతాయి. నెమ్మదిగా రావలసిన వేడి ఆవిర్లు, నిద్రలేమి, ఎముకల నీరసం ఒకేసారి మీద పడతాయి, గుండెకు కూడా అంత మంచిది కాదు, అప్పుడు హార్మోన్ మందుల గురించి ఆలోచించాలి అంది డాక్టరమ్మ. నాకు నలభై మూడు. గర్భసంచి తీసినవాళ్లకు ఉంచిన అండాశయాలు మామూలు కన్నా కొంచెం ముందే విశ్రాంతి తీసుకోవచ్చట. రక్తం రాదు కాబట్టి ముట్లుడిగిన సంగతి ఆవిర్లను బట్టో, రక్త పరీక్షను బట్టో తెలియాలి. నాకైతే పుస్తకంలో చుక్కలు తప్పడాన్ని బట్టి తెలుస్తుంది. అప్పటిదాకా నెలకు నాలుగు రోజులు ఓర్చుకోగలిగితే ఉంచుకుంటాను, ఓర్చుకోలేని రోజు వస్తే తీయించుకుంటాను. ఈసారి ఆ మాట నేను చెప్పాలి, నా ఎదురుగా కూర్చున్నవాళ్లు మా ఆయనతో చెప్పకూడదు.

జాకెట్లు కుట్టేవాళ్లకు ఒక విషయం తెలుస్తుంది. నడుము కొలత తీసేటప్పుడు టేపు బిగించగానే కొంతమంది చిన్నగా వెనక్కి జరుగుతారు. లంగాలకు బొందు కాకుండా ఎలాస్టిక్ వేయమంటారు. ఇంతకు ముందు లావయ్యామని సిగ్గు అనుకునేదాన్ని. ఇప్పుడు అడుగుతున్నాను. ముప్పై ఒకటికి తీసేశారని ఒకావిడ, ఇరవై తొమ్మిదికని ఇంకొకావిడ. తెల్లబట్ట అవుతోందని వెళితే తీసేశారని మరొకావిడ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు ఉంటే, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఎనిమిది మందికి పైగా ఉన్నారు. అనవసరంగా తీయడాన్ని అరికట్టే కేంద్రం మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మంచిదే. అప్పటికే తీయించుకుని వచ్చినవాళ్లు నా తెర వెనక నిలబడి ఉన్నారు. వాళ్లను నేను ఒక్కటే అడుగుతాను, కాగితం ఉందా అని.

నా కాగితాన్ని ఇరవై రూపాయలు పెట్టి లామినేషన్ చేయించాను. ఆర్డర్ల పుస్తకంలో రాబోయే మూడు నెలలకు ముందే ఎర్ర చుక్కలు పెట్టుకుంటాను. ఆ నాలుగు రోజుల్లో డెలివరీ తేదీ రాయను. హుక్కులు, కాజాలు, హెమ్మింగు లాంటి చేతిపని మాత్రం పక్కన పెట్టుకుంటాను, వీపు వెనక వేడినీళ్ల సంచి ఆనించి చేసుకోవచ్చని. గీతలు పూర్తిగా పోలేదు. పోయిన నెలలో రెండే.

మొన్న కొల్లిపర నుంచి వచ్చే ఒకావిడ జాకెట్టు గుడ్డ, లైనింగు ఉన్న కవరు బల్ల మీద పెట్టింది. గుడ్డ విప్పితే మధ్యలోంచి మడతపెట్టిన కాగితం జారింది. "నువ్వు అడిగావు కదా అక్కా, మీ అమ్మాయితో చదివించి పెట్టు" అంది. ఇరవై తొమ్మిదికి తీసేశారని చెప్పింది ఈవిడే. ఇప్పుడు ముప్పై నాలుగు. మా అమ్మాయి చదివి నా వంక చూసింది.

"రెండూ ఉన్నాయట" అన్నాను.

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "అన్నీ తీసేశామన్నారే" అంది. తరువాత, "మరయితే నెలకోసారి నాకు ఈ ఎడమ పక్క..." అని చెయ్యి అక్కడ పెట్టుకుని ఆగిపోయింది.

కాగితం రెండు జిరాక్సులు తీయించి, ఒకదాని వెనక గుంటూరు డాక్టరమ్మ పేరు, చూసే వేళలు రాసి ఇచ్చాను. అసలుదాన్ని కవరులో పెట్టి జాగ్రత్త చేసుకోమన్నాను. వెళ్తూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి జాకెట్టు ఎప్పుడిస్తావని అడిగింది. పుస్తకం తెరిచి, చుక్కలు లేని మంగళవారం చూసి రాశాను.